తల మీద గడ్డ, లివర్‌లో జబ్బు: సూది మీద వేసిన నిందలో నిజమెంత?

మా పెద్దనాన్న తల మీది గడ్డను మొదట చూసింది డాక్టర్ కాదు, ఊళ్లో క్షవరం చేసే అన్న. మాది పత్తికొండ వైపు ఊరు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు కటింగ్‌కు కూర్చుంటే దువ్వెన పన్ను తగిలి నెత్తురు కారింది. గుడ్డ మడిచి అదిమినా ఆగలేదు. "అన్నా, ఈ గడ్డ ఎప్పట్నుంచి ఉండాది? నొప్పి లేదా?" అని అడిగాడంట. నొప్పి లేదు. రేగుపండంత ఉంది, ముట్టుకుంటే గట్టిగా, నేరేడు రంగులో. అప్పటికి ఆయనకు లివర్ క్యాన్సర్ ఉందని తెలిసి ఏడు నెలలు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. "ఆ పొద్దు డొక్కలో సూది గుచ్చి ముక్క తీసిరి చూడు, అప్పుడే కదిలింది ఇది. కత్తి తగిలితే క్యాన్సర్ ఊరికే ఉండదని అందరూ చెప్తానే ఉండ్రి, మీరు ఇంటిరా?" అని పెద్దమ్మ ఏడ్చింది. బయాప్సీకి సంతకం పెట్టింది మా అన్న. వాడు తల దించుకుని కూర్చున్నాడు.

పెద్దమ్మ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. డాక్టర్లను అడిగాను, దొరికిందల్లా చదివాను. ఆ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ మా పెద్దనాన్న విషయంలో అది నిజం కాదు. ఈ తేడా అర్థమైతే తప్ప ఆ గడ్డకు ఏ వైద్యం చేయించాలో అర్థం కాదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక చిక్కు విడదీసుకోవాలి. లివర్‌లో పుట్టిన క్యాన్సర్ వేరు, వేరే చోట పుట్టి లివర్‌కు పాకిన క్యాన్సర్ వేరు. పేగులోనో రొమ్ములోనో మొదలై లివర్‌కు చేరితే అది పేగు క్యాన్సరే, రొమ్ము క్యాన్సరే. మందులు కూడా వాటివే. ఇక్కడ చెబుతున్నది లివర్ కణాల్లోనే పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమా గురించి. లివర్‌లోనే మొదలయ్యే క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఇదే. ఎక్కువమందిలో అప్పటికే గట్టిపడిపోయిన లివర్‌లో, అంటే సిర్రోసిస్ వచ్చిన లివర్‌లో పుడుతుంది. ఇది బయటికి పాకితే ముందు ఊపిరితిత్తులకు, ఆ తరువాత లింఫ్ గ్రంథులకు, ఎముకలకు, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. చర్మానికి రావడం చాలా అరుదు. ఆడవాళ్లలో చర్మం మీదికి వచ్చే క్యాన్సర్ గడ్డలు ఎక్కువగా రొమ్ము నుంచి, మగవాళ్లలో ఊపిరితిత్తుల నుంచి, పెద్దపేగు నుంచి వస్తాయి. లివర్ నుంచి వచ్చినవి చూడకుండానే సర్వీసు ముగించిన చర్మవ్యాధి డాక్టర్లు ఉంటారు.

కాబట్టి లివర్ జబ్బున్న ప్రతివాళ్లూ ఒంటి మీద గడ్డ కనిపించగానే హడలిపోనక్కర్లేదు. మెత్తగా వేలి కింద జారేది కొవ్వు గడ్డ కావచ్చు, నడుమ నల్లచుక్క ఉన్నది చర్మపు సంచి కావచ్చు. లివర్ చెడినవాళ్లకు ఛాతీ మీద సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి, ప్లేట్‌లెట్లు తగ్గి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, కామెర్ల వల్ల ఒళ్లంతా దురద పెడుతుంది. ఇవేవీ క్యాన్సర్ పాకడం కాదు. అనుమానించాల్సింది వేరే రకం: కొద్ది వారాల్లోనే పెరిగేది, నొప్పి లేకుండా గట్టిగా ఉండేది, ఎరుపో ఊదా రంగో తిరిగి తాకితే చాలు రక్తం కారేది. తల, ముఖం, ఛాతీ, భుజం మీద ఇలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి.

ఇలాంటి గడ్డ కంటికి ముందే కనబడుతుంది, చూసే కన్ను ఉండాలి అంతే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సిస్టర్ మేరీ జోసెఫ్ అనే నర్సు, ఆపరేషన్‌కు ముందు కడుపు మీది చర్మం శుభ్రం చేస్తున్నప్పుడు కొందరికి బొడ్డు దగ్గర గట్టి ముడి తగులుతోందని, వాళ్ల కడుపులో క్యాన్సర్ ముదిరి ఉంటోందని గమనించి సర్జన్ విలియం మేయోకు చెప్పింది. బొడ్డు దగ్గర వచ్చే ఆ గడ్డను ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. మా ఊరి అన్న చేసింది కూడా అలాంటి పనే. "కర్నూలుకు పోండి, రేపే పోండి" అని పంపించాడు.

కాలువ నీళ్లు, బోరు నీళ్లు

గడ్డ ఎలా వచ్చిందో తెలియాలంటే లివర్‌కు రక్తం ఎలా అందుతుందో తెలియాలి. మాకు కె.సి. కెనాల్ తెలుసు, బోరు తెలుసు. కాబట్టి పొలం భాషలో చెబుతాను. లివర్‌కు రెండు నీటి వసతులున్నాయి. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర కాలువలాంటిది, దాదాపు నాలుగింట మూడు వంతుల రక్తం దాని నుంచే వస్తుంది. మిగిలిన వంతు ధమని నుంచి, అంటే బోరు నుంచి. మంచి లివర్ ఎక్కువగా కాలువ మీద బతుకుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం కొత్త పైపులు వేసుకుని బోరు నీళ్లే లాగేస్తుంది.

సీటీ స్కాన్‌లో రంగు మందు ఎక్కించినప్పుడు జరిగేది ఇదే. మొదట మందు ధమనిలోకి వస్తుంది కాబట్టి గడ్డ ఒక్కటే వెలుగుతుంది. కాసేపటికి కాలువ నీళ్లు చేరి మిగతా లివర్ వెలిగేసరికి గడ్డ మసకబారిపోతుంది. సిర్రోసిస్ ఉన్న మనిషిలో, లేదా చాలా ఏళ్లుగా లివర్‌ను పట్టుకున్న హెపటైటిస్ బి వైరస్ ఉన్న మనిషిలో ఈ రెండు దశలూ స్పష్టంగా కనిపిస్తే క్యాన్సర్ అని తేల్చడానికి ముక్క తీయాల్సిన పని లేదు. స్కానే సాక్ష్యం. క్యాన్సర్ వైద్యంలో బయాప్సీ లేకుండా పేరు పెట్టగలిగే కొద్ది జబ్బుల్లో ఇదొకటి. "ముక్క పరీక్ష చేయకుండానే క్యాన్సర్ అనేశారు" అని కొంతమంది ఆసుపత్రి మారుస్తుంటారు. మారడానికి అదొక్కటే కారణమైతే తొందరపడవద్దు.

మరి కొందరికి సూది ఎందుకు గుచ్చుతారు? సిర్రోసిస్ లేని లివర్‌లో గడ్డ ఉన్నప్పుడు, స్కాన్‌లో ఆ రెండు దశలూ సరిగ్గా కనిపించనప్పుడు, వేరే రకం క్యాన్సర్ అనే అనుమానం ఉన్నప్పుడు ముక్క తప్పదు. మా పెద్దనాన్న స్కాన్ అలాంటిదే. గడ్డ వెలిగింది కానీ మసకబారలేదు.

ఇప్పుడు పెద్దమ్మ మాటకు వస్తాను. లివర్ గడ్డలోకి సూది దూరి బయటికి వచ్చేటప్పుడు, వచ్చిన దారిలో కొన్ని కణాలు రాలిపోవచ్చు. అవి కండలోనో చర్మం కిందనో వేళ్లూనుకుంటే కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది దాటాక, సూది గుచ్చిన చోటే గడ్డ లేస్తుంది. ఇది జరిగే మాటే. 2008లో గట్ అనే వైద్య పత్రికలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు: లివర్ క్యాన్సర్‌కు బయాప్సీ చేయించుకున్నవాళ్లలో 2.7 శాతం మందికి ఇలా జరిగింది. అంటే వందలో ఇద్దరు ముగ్గురికి. గొట్టంలోంచి సూదిని పోనిచ్చే పద్ధతిలో కణాలు దారికి తగలవు కాబట్టి ముప్పు ఇంకా తగ్గుతుంది. ఇలా వచ్చినది చాలావరకు ఒక్క గడ్డే; చుట్టూ కొంత మంచి కండతో సహా కోసి తీసేయవచ్చు. దాని వల్ల ఎక్కువమంది ఆయుష్షేమీ తగ్గలేదు.

రెండో దారి రక్తం. ముదిరిన లివర్ క్యాన్సర్ సిరల్లోకి చొచ్చుకుపోతుంది. అక్కడి నుంచి విడిపోయిన కణాలు పెద్ద సిర గుండా గుండె కుడివైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే ముందు దెబ్బ తినేది ఊపిరితిత్తులు. ఆ జల్లెడను కూడా దాటినవి గుండె ఎడమవైపుకు వచ్చి, ధమనుల్లో పడి ఎక్కడికైనా పోతాయి. తల మీది చర్మానికి రక్తం బాగా పారుతుంది, అక్కడ దిగే అవకాశం ఎక్కువ.

అందుకే గడ్డ ఎక్కడ లేచిందన్నది పెద్ద ప్రశ్న. కుడి డొక్కలో, పక్కటెముకల మధ్య, సూది మచ్చ ఉన్న చోటే వస్తే సూదిని అనుమానించవచ్చు. తల మీద వస్తే సూదికి సంబంధం లేదు. సూది దారి డొక్క నుంచి లివర్‌కే, లివర్ నుంచి నడినెత్తికి కాదు. పెద్దనాన్నకు సూది మచ్చ కుడివైపు పక్కటెముకల మధ్య ఉంది. దాని చుట్టూ చేత్తో తడిమి చూశారు, స్కాన్‌లో చూశారు, ఏమీ లేదు. ఊపిరితిత్తుల్లో మాత్రం చిన్న చిన్న చుక్కలు కనిపించాయి. జబ్బు రక్తం దారిలో పోయింది. కర్నూలులో క్యాన్సర్ డాక్టర్ ఒక కాగితం మీద లివర్, గుండె, ఊపిరితిత్తులు, తల గీసి బాణాలు పెట్టి పెద్దమ్మకు చూపించాడు. ఆమె చదువుకోలేదు, కానీ కాలువ ఎటు పారుతుందో ఆమెకు తెలుసు. ఆ కాగితం ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టుకుంది. ఆ తరువాత మా అన్నను ఒక్క మాట అనలేదు.

తల మీది గడ్డ నుంచి కూడా ముక్క తీశారు. చర్మం గడ్డ చూడటానికి వేరే చాలావాటిలా ఉంటుంది, పైకి చూసి చెప్పలేరు. రక్తం ఎక్కువ పోతుందని తెలుసు కాబట్టి మత్తు సూది వేసి, రక్తం కారే చోటును వేడితో మాడ్చే కాటరీ దగ్గర పెట్టుకుని తీశారు. ముక్కను పరీక్షించే పాథాలజిస్టు ముఖ్యంగా లివర్ కణాలకు అంటుకునే రంగులు వాడతారు: హెప్ పార్-1, ఆర్జినేజ్-1, గ్లిపికాన్-3. అన్నింటికంటే గట్టి గుర్తు పైత్యరసం. చర్మంలోంచి తీసిన ముక్కలో ఆకుపచ్చని పైత్యపు చుక్కలు కనిపిస్తే, అది లివర్ నుంచి వచ్చిందని ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. చర్మానికి పైత్యం తయారుచేయడం రాదు కదా.

గడ్డకు వైద్యమా, మనిషికా?

"ఆ గడ్డ కోసి పారేయండి సార్, పీడ పోతుంది" అని అడిగాం మేము. ఎవరైనా అడుగుతారు. సూది దారిలో వచ్చిన ఒంటరి గడ్డ అయితే కోయడమే వైద్యం. రక్తం దారిలో వచ్చినదాన్ని కోస్తే ఆ ఒక్కటి పోతుంది, మిగతా జబ్బు అలాగే ఉంటుంది. లివర్ మార్పిడి, గడ్డను మాడ్చడం, ధమనిలోంచి మందు పంపి మూసేయడం లాంటివి జబ్బు లివర్‌లోనే ఉన్నప్పటి వైద్యాలు. చర్మానికో ఊపిరితిత్తికో పాకిందంటే ముదిరిన దశ. ఒళ్లంతా తిరిగే మందే కావాలి.

ఆ మందు ఇవ్వవచ్చా లేదా అన్నది గడ్డ కంటే లివర్‌లో మిగిలిన బలం మీద ఎక్కువ ఆధారపడుతుంది. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, కడుపులో నీరు, మతి తడబాటు, ఈ ఐదూ చూసి చైల్డ్-ప్యూ అనే లెక్కలో ఎ, బి, సి అని వేస్తారు. ఎ అయితే మందులు తట్టుకుంటారు. సి అయితే క్యాన్సర్ మందు వల్ల మేలు కంటే చేటే ఎక్కువ. రిపోర్టులో ఆ అక్షరం ఏమిటో ఇంట్లో ఒకరైనా అడిగి తెలుసుకోవాలి. "పక్కింటాయనకు ఇచ్చారు, మాకెందుకు ఇవ్వలేదు" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ అక్షరంలోనే ఉంటుంది.

2007 దాకా ఈ దశలో ఆయుష్షు పెంచే మందే లేదు. సొరాఫెనిబ్ మాత్ర మీద ఫలితాలు 2008లో అచ్చయ్యాయి: మాత్ర వేసుకున్నవాళ్లలో సగం మంది 10.7 నెలలు దాటి బతికారు, వేసుకోనివాళ్లలో సగం మంది 7.9 నెలలు దాటి. మూడు నెలల తేడాకు ఇంత సంబరమా అనిపిస్తుంది, కానీ అప్పటిదాకా ఏ మందూ ఆ మాత్రం కూడా చేయలేదు. ఆ మందు ధర మనకు మరీ దగ్గరి కథ. అప్పట్లో నెలకు 120 మాత్రలు, సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. 2012 మార్చిలో హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు దేశంలోనే మొట్టమొదటి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు. అంటే పేటెంటు వేరే కంపెనీదే అయినా, జనానికి అందే ధరకు తయారుచేసి అమ్మే హక్కు. నెల మందుకు 8,880 రూపాయలని ధర కట్టారు. మందంటే ఏమిటో, అది ఎవరికి అందాలో ఆలోచించేవాళ్లందరూ ఈ తీర్పు గురించి తెలుసుకోవాలని నా కోరిక.

2020 తరువాత మాట మారింది. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు మందులు కలిపి మూడు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. మొదటిది ఒంటిలోని కాపలా కణాలకు కట్టిన గంతలు విప్పుతుంది, రెండోది గడ్డ వేసుకునే కొత్త పైపులను కోస్తుంది. రెంటినీ పోల్చిన పరీక్షలో సొరాఫెనిబ్‌తో 13.4 నెలలైతే, ఈ జంటతో 19.2 నెలలు, పదిమందిలో ముగ్గురికి గడ్డలు బాగా తగ్గాయి. అయితే ఆ పరీక్షలో చేరినవాళ్లంతా లివర్ బలం ఉన్నవాళ్లు, చైల్డ్-ప్యూ ఎ. చర్మం దాకా పాకిన మనిషికి అంత బలం మిగిలి ఉండటం తక్కువ. అందుకే ఈ లెక్కలను ఇంట్లో మనిషికి నేరుగా అతికించి చూడకూడదు. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ముప్పు ఉంది కాబట్టి ముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన నరాలున్నాయేమో చూస్తారు. అది దండగ ఖర్చు కాదు, మానొద్దు. దుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ అనే ఇంకో జంట ఉంది. లెన్వాటినిబ్ మాత్ర ఉంది. హెపటైటిస్ బి ఉంటే వీటితో పాటు టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ రోజూ వేసుకోవాలి. అది ఆపితే వైరస్ చెలరేగి లివర్‌ను ముంచేస్తుంది.

పెద్దనాన్నకు మాత్రలే రాశారు. మూడో వారంలో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి బొబ్బలెక్కాయి. చెప్పులు వేసుకుంటే మంట. "చేతులకు కూడా పాకింది" అని ఇంట్లో మళ్లీ గొల్లుమన్నారు. అది జబ్బు పాకడం కాదు, మాత్ర చూపించే ప్రభావం, చాలామందికి వస్తుంది. మెత్తటి చెప్పులు, యూరియా కలిసిన క్రీము, కొన్నాళ్లు మోతాదు తగ్గింపుతో దిగిపోయింది. భయపడి మాత్రలు మానేసి ఉంటే అదే పెద్ద నష్టం అయ్యేది.

ఇక తల మీది గడ్డ. ఒళ్లంతటి జబ్బుకు మందు ఇస్తూనే, రక్తం కారే గడ్డకు విడిగా రేడియేషన్ ఇస్తారు, ఒక్కోసారి ఒక్క సిట్టింగే. పెద్దనాన్నకు అలాగే ఇచ్చారు. పది రోజుల్లో రక్తం ఆగింది, నెలకు గడ్డ శనగగింజంత అయింది. దిండు మీద టవల్ పరచకుండా పడుకున్నాడు. అదే మాకు పండగ. ఇంట్లో రక్తం కారితే శుభ్రమైన గాజుగుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదమాలి, మధ్యలో తీసి తీసి చూడకూడదు. సున్నం, పసుపు, పసర్లు పెడితే పుండుపడి చీము పడుతుంది. కామెర్లకు చేతి మీద వాత పెట్టే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. అసలే గడ్డకట్టని రక్తమున్న మనిషికి ఆ వాత ప్రాణాంతకం కావచ్చు. నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించడం కూడా అంతే, కడుపులో రక్తస్రావం అవుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో, నొప్పి మీరితే మార్ఫిన్. మార్ఫిన్ అనగానే "ఇక అయిపోయింది" అనుకుంటారు. నొప్పి లేకుండా నిద్రపోవడం కూడా వైద్యమే.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే, డబ్బు కట్టకముందే, ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కార్డు చూపించి ఏ మందు పథకంలో ఉంది, ఏది లేదు అని అడగాలి. మేము మొదటి ఆసుపత్రిలో ఈ మాట అడగక పొలం మీద అప్పు తెచ్చాం. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు పరుగెత్తే ముందు కర్నూలు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో ఒకసారి అడిగి చూడండి.

బుడ్డలు, టీకా

ఇదంతా చివరి గది ముచ్చట. మొదటి గుమ్మం ఎక్కడుందో కూడా మన జిల్లాలవాళ్లు తెలుసుకోవాలి. వేరుశనగను మేము బుడ్డలంటాం, అనంతపురం వైపు చెనక్కాయలంటారు. కాయ గింజ పట్టే వేళకు వాన ఎగ్గొడితే నేలలోనే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజలోకి దూరుతుంది. కోసిన తరువాత సరిగ్గా ఎండకపోతే గోతాంలో ఇంకా పెరుగుతుంది. అది వదిలే విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుకుతూ పోయి వేరుశనగ చెక్క మేతలో దీన్ని కనిపెట్టారు. ఈ విషం ఏళ్ల తరబడి తింటే లివర్ క్యాన్సర్ ముప్పు. దానికి హెపటైటిస్ బి కూడా తోడైతే కూడిక కాదు, హెచ్చవేత. వేయిస్తే పోతుందనుకుంటారు, పూర్తిగా పోదు. మంచి గింజలు మార్కెట్‌కు అమ్మి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదైనవి ఇంట్లో ఊరిబిండి పచ్చడికి వాడే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు మా అమ్మ ఏరి పారేస్తుంది. బర్రెలకు కూడా పెట్టదు, ఆ విషం పాలలోకి దిగుతుంది కాబట్టి.

హెపటైటిస్ బి మాటకొస్తే, 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డి గారి సంస్థ, దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యువులను కలిపి చేసే పద్ధతి) హెపటైటిస్ బి టీకా తెచ్చింది. 2011కల్లా అది దేశమంతా పిల్లల టీకాల పట్టికలో చేరింది. పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సిన సూది అది. క్యాన్సర్‌ను ఆపే సూది. పెద్దనాన్న కాలానికి అది లేదు. ఆయనకు ఆ వైరస్ ఎన్నాళ్ల నుంచి ఉందో, ఎక్కడ అంటిందో చెప్పలేం. తల్లి నుంచి, మార్చని సూదుల నుంచి, పచ్చబొట్టు నుంచి, అందరికీ ఒకే బ్లేడు నుంచి, ఎలాగైనా అంటుతుంది. కలిసి తింటే మాత్రం అంటదు.

రేడియేషన్ తరువాత పెద్దనాన్న ఐదు నెలలు బతికాడు. అందులో మూడు నెలలు పొలానికి పోయి గట్టు మీద కూర్చునేవాడు. ఆ క్షవరం చేసే అన్నే ఇంటికి వచ్చి, గడ్డ ఉన్న చోటు వదిలేసి, చిన్న కత్తెరతో జుట్టు దిద్ది పోయేవాడు.

దినాలయ్యాక పెద్దమ్మే అందరినీ పరీక్షకు తీసుకుపోయింది. ఆమె, ఇద్దరు కొడుకులు, కూతురు, ముగ్గురు మనవళ్లు. సూది అంటే మొహం తిప్పుకునే మనిషి ముందు తన చెయ్యే చాపింది. పెద్దన్నకు హెపటైటిస్ బి ఉందని తేలింది, మిగిలినవాళ్లకు లేదు. టీకా పడనివాళ్లకు మూడు డోసులు వేయించాం. పెద్దన్న ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు, ఆరు నెలలకోసారి కడుపు స్కాన్, రక్తంలో లివర్ క్యాన్సర్ జాడ వెతికే ఏఎఫ్‌పీ పరీక్ష చేయించుకుంటాడు. పోయిన స్కాన్‌లో ఏమీ లేదు. వచ్చేది ఉగాది తరువాత, తేదీ పెద్దమ్మ బీరువా తలుపు లోపల, ఆ బాణాల కాగితం పక్కన రాయించి అతికించుకుంది.